రెండు ముక్కుల పడవ

మా ఇంట్లో గొడవంతా ముక్కు దగ్గర మొదలైంది. నా ముక్కు కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెబుతాడుగానీ, ఈ గొడవకీ నాకూ ఏ సంబంధమూ లేదు. అది పడవ ముక్కు.

మా ఆయనా, బావగారూ కలిసి పడవలు చేసేవాళ్ళు. ముందు భాగం, అంటే ముక్కు, బావగారు చెక్కేవారు. వెనక భాగమూ, చెక్కల సందుల్లో తారు నింపడమూ మా ఆయన పని. బావగారు ముక్కుని వాలుగా పెట్టేవారు, పడవ నీటి మీదకి ఎక్కాలని. మా ఆయన నిలువుగా ఉండాలనేవాడు, నీటిని కోసుకుంటూ పోవాలని. ఒకరోజు ఒక పడవ దగ్గర మాటా మాటా పెరిగింది. "నీకే అన్నీ తెలిస్తే ఇక నేనెందుకు?" అన్నారు బావగారు. "ఒక్కసారైనా ముందు నాకిచ్చి చూశావా అన్నయ్యా?" అన్నాడు మా ఆయన. ఆ సాయంత్రానికల్లా షెడ్డు మధ్యలో పాత టార్పాలిన్ తెర ఒకటి వేలాడింది. ఇంట్లో వంటిళ్ళు రెండయ్యాయి. పెరట్లో భుజాలెత్తు గోడ లేచింది.

విన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆస్తి కోసం విడిపోయినవాళ్ళని చూశాంగానీ, ముక్కు కోసం విడిపోయినవాళ్ళని చూడలేదన్నారు. మేమూ చూడలేదు. కానీ ఇద్దరిదీ తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. బావగారు ఆనాటినుంచి బల్లలూ మంచాలూ చేసుకుంటున్నారు. మా ఆయన పాత పడవలకి చిల్లులు పూడ్చుకుంటున్నాడు. కొత్త పడవ మాత్రం ఆ షెడ్డులోంచి బయటికి రాలేదు.

నా బెంగ వాళ్ళ గురించి కాదు, అక్క గురించి. అక్కంటే బావగారి భార్య, నా తోడికోడలు. నేను నోరు తెరిస్తే మూయను, ఆవిడ మూస్తే తెరవదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను అలిగి గదిలో కూర్చుంటే, ఎందుకని అడగకుండా టీ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. చల్లారిపోతే ఇంకో గ్లాసు పెట్టేది. ఆ గ్లాసుల ముందు ఎంతసేపని అలుగుతాం? మా మధ్య ఏ గొడవా లేదు కాబట్టి మేమిద్దరం గోడ మీంచి మాట్లాడుకునేవాళ్ళం. అంటే నేను మాట్లాడేదాన్ని, ఆవిడ వినేది. గోడ దాటి మాత్రం వెళ్ళేవాళ్ళం కాదు. మగవాళ్ళు గీసిన గీతని మేం తొక్కితే ఆ తప్పు కూడా మా మీదకే వస్తుంది కదా.

అలా రెండేళ్ళు గడిచాయి. ఇక ఆ వేసవి.

మా షెడ్డు ముందు నదిలోంచి చీలిన పాయ ఒకటి ఉంది. మేం చేసిన పడవలు దానిలోకి దిగి నదిలోకి వెళ్ళేవి. అది సన్నని పాయ. ఆ ఒడ్డున ఎవరు తుమ్మినా ఈ ఒడ్డున చిరంజీవ అనొచ్చు. ఆ ఏడాది దాన్ని గుర్రపుడెక్క కమ్మేసింది. ఆకుపచ్చ దుప్పటి కప్పినట్టు ఎక్కడా నీళ్ళు కనపడవు. కింద నీళ్ళు కదలక కుళ్ళిపోయి, మధ్యాహ్నం అయ్యేసరికి వాసనకి కిటికీలు మూసుకోవాల్సి వచ్చేది. అంతకుముందు వానలకి నీళ్ళు పోయే దారిలేక వీధిలోకి వచ్చాయి. దాంతో నీటి ఆఫీసువాళ్ళు లారీలతో పెద్ద పెద్ద సిమెంటు పైపులు తెచ్చి మా షెడ్డు ఎదురుగానే పేర్చారు. పాయలో పైపులు వేసి, పైన మట్టి పోసి మూసేస్తారట.

పాయ మూసేస్తే మా షెడ్డు ముందు నీళ్ళుండవు. నీళ్ళు లేని చోట పడవల షెడ్డు ఎందుకు? మా ఆయన అప్పుడే దూరంగా ఇంకో ఊళ్ళో కుర్చీల ఫ్యాక్టరీవాళ్ళతో మాట్లాడి పెట్టుకున్నాడు. వానలు మొదలయ్యాక వస్తానన్నాడట. ఆ మాట నాతో చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, చేతిలో ఉలినే చూస్తున్నాడు.

"మరి అక్కావాళ్ళు?" అన్నాను.

"వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ముందు కోపం వస్తుంది. పొయ్యి మీద గిన్నెలన్నీ ఆ రోజు బాగానే మోగాయి.

* * *

పాయని కాపాడుకుందామని మొదట అన్నది లాండ్రీ ఆయన. వీధిలో అందరూ ఆయన్ని సబ్బాయన అంటారు. నది నీళ్ళు మురికైతే బట్టలు తెల్లబడవని ఆయన బాధ. చేపలవాళ్ళకి చేపల బాధ, స్కూలు పెద్ద టీచరుగారికి పిల్లల జ్వరాల బాధ. ఇలా ఎవరి బాధ వాళ్ళు పట్టుకొచ్చి ఒక సంఘంగా ఏర్పడ్డారు. మీటింగులు లాండ్రీలోనే జరిగేవి. ఇస్త్రీ బల్లల మీద కొందరూ, బట్టల మూటల మీద కొందరూ కూర్చునేవాళ్ళు. ఆవిరికి అందరి మొహాలూ చెమటతో మెరిసిపోయేవి.

ఆ రోజు నీటి ఆఫీసు నుంచి ఇంజనీరమ్మాయి కూడా వచ్చింది. సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంది. మాట మాత్రం గట్టిది.

"మా ఆఫీసులో ఒక మాట ఒప్పించాను" అంది. "డెక్క మీరు తీయండి. కింద బురద మా మిషన్‌తో మేం తీస్తాం. ఆ తర్వాత ఏడాది పొడుగునా పాయని మీరూ మేమూ కలిసే చూసుకోవాలి. కానీ వానలు మొదలయ్యేలోపు నీళ్ళు కదలాలి. కదలకపోతే పైపులే. నేను కూడా ఏమీ చేయలేను."

"మూసేస్తే పీడా పోతుందిగా, దోమలుండవు" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"దోమలూ పోతాయి, మేమూ పోతాం!" అన్నాను నేను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మా ఆయన నేల చూపులు చూశాడు. లాండ్రీ ఆ చివర బావగారి పక్కన కూర్చున్న అక్క మాత్రం నా వైపు చూసి కొంచెం నవ్వింది.

ఒడ్డునుంచి చేతికందినంత డెక్క లాగొచ్చు. మధ్యలోది ఎలా? చేపలవాళ్ళ పడవలు దిగితే ఇంజన్‌కి వేళ్ళు చుట్టుకుని ఆగిపోతున్నాయి. అడుగు బల్లపరుపుగా, తేలిగ్గా, గెడతో నెట్టుకుపోయే పడవ ఒకటి కావాలి. అలాంటిది ఎవరి దగ్గరా లేదు. అందరూ ఈ చివర మా ఆయన్నీ, ఆ చివర బావగారినీ మార్చి మార్చి చూస్తున్నారు. ఒక్కరూ నోరు విప్పరు.

పెద్ద టీచరుగారు లేచారు. ఆవిడ గొంతుకి పిల్లలు పెట్టిన పేరు గంట టీచరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"పిల్లి మెడలో గంట కట్టాలంటే గంటే లేవాలిగా" అన్నారు. "చూడండి నాయనా, మీరిద్దరూ మాట్లాడుకోవద్దు. ఎవరు మాట్లాడుకోమన్నారు? పడవ చేసిపెట్టండి చాలు. తెర కూడా తీయక్కర్లేదు. సగం ఆ వైపు, సగం ఈ వైపు. చెక్కలు స్కూలు పాత బెంచీలవి ఉన్నాయి, పంపిస్తాను."

తెరకి అటు సగం ఇటు సగం పడవేమిటని నవ్వొచ్చింది నాకు. కానీ ఆవిడ పిల్లల తగువులు తీర్చి తీర్చి పండిపోయిన మనిషి. బావగారు, "సంఘం చెప్పాక కాదంటామా" అన్నారు. మా ఆయన, "సంఘం కోసం చేస్తాను" అన్నాడు. ఎవరికోసం కాదో చెప్పకుండానే అందరికీ తెలిసింది.

* * *

రెండు రోజుల తర్వాత పొద్దున్నే నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అక్క గోడ దగ్గరికి వచ్చింది. ఆవిడ మాటలు ఎలా ఉంటాయంటే, ఒక్కో మాట ఖర్చు పెట్టేముందు వెనకాముందూ చూసుకుంటుంది.

"మీ బావగారు చెప్పమన్నారు. ముందు మీ వైపేనంట" అంది.

"ఏంటీ?" అన్నాను, తడి చీర చేతిలో అలాగే పట్టుకుని.

"ముందు. మీ వైపేనంట." అంతే, వెళ్ళిపోయింది.

నేను తడి చేతులతోనే షెడ్డులోకి పరిగెత్తాను. మా ఆయన పీట మీద కూర్చుని ఉలి పదును పెడుతున్నాడు. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించే అలవాటు నాకు లేదు, విన్నది విన్నట్టు చెప్పాను.

"ఏమండీ, ముందు మనవైపేనంట. బావగారు చెప్పమన్నారట."

ఆయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "ఏం చెప్పావ్? మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. తెర వైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకున్నట్టే అనిపించింది, అడిగితే ఇనప రజను పడిందన్నాడు.

"అన్నయ్య ముందు నాకిచ్చాడే" అన్నాడు చివరికి. "చిన్నప్పట్నుంచి ఒక్కసారీ ఇవ్వలేదు. అడిగి అడిగి నోరు పోయింది. ఇప్పుడు అడక్కుండానే ఇచ్చాడు."

"మరి ఏం చెప్పమంటారు?"

ఉలి పక్కన పెట్టాడు. "ఆయన మాటే నా మాటని చెప్పు."

అదే గోడ మీంచి అదే పద్ధతిలో అక్కకి చెప్పాను. అక్క తలూపి వెళ్ళింది. ఆ రోజు బావగారు మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయి షెడ్డులో కూర్చున్నారని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రమే లారీ వచ్చి బెంచీ చెక్కలు దించింది. అన్నీ మా వైపే దించింది. సగం చెక్కలు మేమే తెర కిందనుంచి అవతలికి తోశాం. నాకు అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు.

* * *

ఆ తర్వాత వారాల తరబడి మా షెడ్డులో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తెర కింద మూరెడు ఖాళీ. ఆ ఖాళీలోంచి పడవ అడుగు ఇటు సగం, అటు సగం. ఎవరి సగం వాళ్ళకి కనపడుతుంది. వెడల్పెంత, పక్కచెక్క ఎత్తెంత అన్నవి మాత్రం నేనూ అక్కా గోడ మీంచి మోసేవాళ్ళం. చెక్కల మీద పిల్లలు కంపాస్‌తో గీకిన పేర్లూ, బాణాలూ, లెక్కలూ అలాగే ఉన్నాయి. ఒక చెక్క మీద పదమూడో ఎక్కం సగం వరకే ఉంది, మిగతా సగం తెరకి అవతల పక్కకి వెళ్ళిపోయింది. పరీక్షలో ఎవరో చూసి రాయడానికి గీక్కున్నది పాపం.

మొదట్లో సుత్తి దెబ్బలు విడివిడిగా వినిపించేవి. ఇటు కొడితే అటు ఆగేది, అటు కొడితే ఇటు ఆగేది, ఎవరికి వాళ్ళు బిగుసుకుపోయి. తర్వాత తర్వాత, ఎప్పట్నుంచో తెలీదు, రెండూ కలిసిపోయాయి. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. పొడవు చెక్క ఒకటి వంచేటప్పుడు మా ఆయన పనిలో మునిగిపోయి, "కొంచెం గట్టిగా పట్టుకో" అనేశాడు. ఎవరితోనో అని నేను చుట్టూ చూశాను. తెర అవతల చెక్క కదలకుండా బిగిసింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒకరు అన్నారు, ఒకరు పట్టుకున్నారు, అంతే.

మా ఆయన కూనిరాగం తీయడం కూడా మొదలెట్టాడు. పెళ్ళైన కొత్తలో విన్నది, మళ్ళీ అప్పుడే వినడం. రోజంతా ఆ ముక్కు దగ్గరే. చేత్తో నిమరడం, దూరంగా వెళ్ళి చూడడం, మళ్ళీ వచ్చి కొంచెం చెక్కడం.

"ఇదేంటండీ, వాలుగా చెక్కుతున్నారు? మీది నిలువు ముక్కు కదా?" అన్నాను ఒకరోజు.

"అన్నయ్య ముందు నాకిచ్చాడు. ఆయనకి నచ్చినట్టు చేస్తే నా సొమ్మేం పోయింది?" అన్నాడు.

"ఈ మాత్రం బుద్ధి అప్పుడే ఉంటే గోడకి ఇటుకలు మిగిలేవి" అన్నాను.

"నీ నోటికి తారు పూయాలే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

వీధి వీధంతా పాయ దగ్గరే ఉండేది. ఇంటికి ఇంత ఒడ్డని పంచుకుని, ఎవరి వాటా వాళ్ళు లాగేవాళ్ళు. గంట టీచరుగారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోకాళ్ళ లోతు బురదలో దిగితే, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళెవరికీ ఒడ్డున నిలబడే ధైర్యం లేకపోయింది. సబ్బాయన మూటలు కట్టే తాళ్ళన్నీ తెచ్చి డెక్కకి ఉచ్చులు వేశాడు. ఇంజనీరమ్మాయి ఆఫీసు పని అయ్యాక వచ్చి, బూట్లు మా గుమ్మంలో విడిచి, అందరితో పాటు లాగేది. బురదలో కూరుకుపోయి ఒకసారి ఏడ్చినంత పని చేస్తే, అక్క వెళ్ళి రెండు చేతుల కింద పట్టుకుని, ముల్లంగిని పీకినట్టు పీకింది. అంత చేసినా అది ఒడ్డు పని మాత్రమే. మధ్యలో ఆకుపచ్చ దుప్పటి అలాగే ఉంది. పైగా ఒడ్డున మేం ఖాళీ చేసినచోటికి తెల్లారేసరికి అదే జరిగి వచ్చేసేది. ఆకాశంలో అప్పుడే ఒకటి రెండు మబ్బులు తిరుగుతున్నాయి.

ఫ్యాక్టరీవాళ్ళు ఫోన్ చేశారు. "వానలు రానివ్వండి" అన్నాడు మా ఆయన. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూనిరాగం లేదు.

* * *

పడవ అయిపోయిందని రెండువైపులనుంచీ కబురు వెళ్ళింది. సంఘమంతా షెడ్డు ముందుకి వచ్చింది. తెర తీస్తేగానీ పడవ బయటికి రాదు కదా. ఎవరు తీయాలి? అన్నదమ్ములిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. చివరికి అక్క స్టూలు వేసుకుని ఎక్కి, తాళ్ళ ముడి విప్పేసింది. టార్పాలిన్ ధబ్బున కింద పడింది. ఏళ్ళ దుమ్ము లేచి అందరూ దగ్గారు.

దుమ్ము తగ్గాక చూస్తే, పడవకి ఇటు ముక్కు, అటు ముక్కు.

ఎవరికీ అర్థం కాలేదు. సబ్బాయన అటొకసారి ఇటొకసారి తిరిగి చూసి, "మరి వెనక ఏదయ్యా?" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. గంట టీచరుగారు ఉరిమి చూస్తే ఆపేశారు.

మా ఆయన మొహం పాలిపోయింది. రెండేళ్ళలో మొదటిసారి అన్న మొహంలోకి చూశాడు. "ముందు నాకిచ్చావుగా?" అన్నాడు. "వదినతో చెప్పి పంపావుగా, ముందు మీ వైపేనని?"

బావగారు తెల్లబోయారు. "నేనేమిచ్చాను? మా వైపు నేల తడిగా ఉంది, చెక్కలు ముందు వాళ్ళ వైపు దించమన్నాను. ముక్కెప్పుడూ నాదేగా, అందులో చెప్పేదేముంది?"

ముందంటే మొదట. మేమేమో ముందు భాగం అనుకున్నాం. ఒక్క చిన్న మాటని పట్టుకుని మా ఆయన అన్ని రోజులు పాడుకుంటూ పనిచేశాడే, ఇప్పుడు ఆయన మొహం ఎలా చూడాలిరా దేవుడా అనుకున్నాను. ఆయన నడుంకి దోపుకున్న సుత్తి తీసి మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. ఇక గుమ్మం వైపు తిరుగుతాడు, ఇక ఫ్యాక్టరీయే, అనుకున్నాను.

తిరగలేదు. అన్న చెక్కిన ముక్కునే చూస్తున్నాడు.

అది నిలువు ముక్కు.

"మరి ఇదేంటి అన్నయ్యా? నువ్వు వాలుగా కదా పెడతావు?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "నా మాటే నీ మాటని చెప్పి పంపావు" అన్నారు. "అంతటివాడివి నువ్వే తగ్గాక, ఇంకా నా పంతమేంటనిపించింది. నీకిష్టమైనట్టు చెక్కాను. కుదిరిందో లేదో. నాకు నిలువు అలవాటు లేదు."

మా ఆయన నడుచుకుంటూ వెళ్ళి ఆ ముక్కు మీద చెయ్యి వేశాడు. బావగారు ఇటు వచ్చి, తన వాలు ముక్కుని, అంటే తమ్ముడు చెక్కిన తన ముక్కుని, వంగి చూశారు. కింద ఎక్కడో వేలితో నొక్కారు.

"ఇక్కడ తారు తగ్గింది" అన్నారు.

"డబ్బాలో ఉంది. తెస్తానుండు" అన్నాడు మా ఆయన.

అంతే. రెండేళ్ళ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మాటలు ఇవి. నేను ఏడ్చేశాను. షెడ్డు నిండా మనుషులున్నారని కూడా చూడలేదు. గంట టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, దుమ్ము పడిందట. మా ఊళ్ళో అందరి కళ్ళల్లోనూ ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది.

"మరి ఈ పడవ పనికొస్తుందా?" అంది ఇంజనీరమ్మాయి, పైకి అనాలా వద్దా అన్నట్టు.

పడవ దింపాకగానీ తెలియలేదు. పాయ సన్నం. మామూలు పడవైతే లోపలికి వెళ్ళాక తిప్పడానికి చోటు లేదు. దీన్ని తిప్పనక్కర్లేదు. నిలువు ముక్కు ముందుంటే డెక్కని చీల్చుకుంటూ లోపలికి దూసుకుపోయేది. నిండాక, లోపలి మనిషి వెనక్కి తిరిగి నిలబడి గెడ వేస్తే చాలు, వాలు ముక్కు ముందుకొచ్చి ఆ బరువుతోనే నేరుగా ఒడ్డు మీదకి ఎక్కేసేది. డెక్కని అక్కడే దింపేసుకోవచ్చు. మావాళ్ళు తెలివితో చేసింది కాదని అందరికీ తెలుసు. అయినా సబ్బాయన తానే కనిపెట్టినట్టు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆ రోజు గోడ దగ్గర అక్కని పట్టుకున్నాను. "నువ్వు 'చెక్కలు' అన్న ఒక్క మాట కలిపి ఉంటే ఇంత జరిగేది కాదు కదక్కా!"

"కాదు" అంది.

ఆ గొంతు విని అనుమానమొచ్చింది. "అక్కా, నీకు ముందే తెలుసా?"

"తెరకి చిల్లుంది."

"చిల్లా? నాకెప్పుడూ కనపడలేదే!"

"నేనే పెట్టాను" అంది. "మీ ఆయన పాట వినపడి, ఏం చేస్తున్నాడా అని చూశాను. చెబితే ఎవరి ముక్కు వాళ్ళు పీకేస్తారుగా. అందుకని చెప్పలేదు." ఆవిడ నోటి వెంట ఒకేసారి అన్ని మాటలు అంతకుముందెప్పుడూ వినలేదు. ఇద్దరం గోడకి అటొకరూ ఇటొకరూ తలలు ఆనించి కడుపు నొప్పెట్టేదాకా నవ్వాం.

* * *

పడవలో రోజూ ఇద్దరూ వెళ్ళేవారు. ఒకరు గెడ వేస్తే ఒకరు డెక్క లాగేవారు. వీధంతా ఒడ్డున దింపుకునేది. దుప్పటి మధ్యలో చిరిగి, ఒకచోట నీళ్ళు కనపడ్డాయి, తర్వాత ఇంకోచోట. మిషన్ వచ్చి బురద తీసింది. మిషన్ ఆగిన మర్నాడే వాన మొదలైంది.

మేమంతా షెడ్డు చూరు కింద నిలబడి పాయనే చూస్తున్నాం. నీళ్ళు పెరుగుతున్నాయిగానీ కదులుతున్నాయో లేదో తెలియడం లేదు. వీధిలోకి వస్తాయా, నదిలోకి పోతాయా? సబ్బాయన లాండ్రీలోంచి ఒక సబ్బు పెట్టె అట్టముక్క తెచ్చి నీళ్ళలో వేశాడు. అది ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. ఇంకోసారి తిరిగింది. తర్వాత ఎవరో పిలిచినట్టు నది వైపు జరిగి, జరుగుతూ జరుగుతూ వేగం అందుకుని, వంపు దగ్గర కనపడకుండా పోయింది. గంట టీచరుగారు పెట్టిన కేక ఆ వానలో కూడా నది అవతలికి వినపడి ఉంటుంది.

వాన తెరిపిచ్చాక లారీలు వచ్చి సిమెంటు పైపుల్ని వెనక్కి తీసుకుపోయాయి. ఇంజనీరమ్మాయే దగ్గరుండి ఎక్కించింది. మా ఆయన ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, రావడం కుదరదని చెప్పాడు. "ఇక్కడ మా అన్నయ్యకి నేను లేకపోతే జరగదండి" అన్నాడు. పక్కనే కూర్చున్న బావగారు, "ఎవరికి ఎవరు లేకపోతే జరగదో!" అన్నారు. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను. నాలుగు గ్లాసులు.

పైపులు పోయాక ఇంజనీరమ్మాయి షెడ్డులోకి వచ్చింది. పడవ ఇక సంఘం పేరు మీద, ఆఫీసు పేరు మీద ఉమ్మడిగా ఉంటుందట. దానికి నంబరు వేయాలట.

"నంబరు ముందు వైపు రాయాలి. దీనికి ముందు ఏదండీ?" అని అడిగింది.

"వాడు చెక్కిందే" అన్నారు బావగారు వెంటనే.

"కాదు కాదు, అన్నయ్యది. నిలువుదే ముందు" అన్నాడు మా ఆయన.

"ఒరేయ్, నేను చెబుతున్నాగా, వాలుగా ఉన్నదే ముందు."

"నువ్వెప్పుడూ ఇంతే, నా మాట వినవు!"

"నువ్వు విన్నావా ఏనాడైనా?"

గొంతులు లేచాయి. ఇంజనీరమ్మాయి రంగు డబ్బా పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడిపోయింది. నేను కంగారుగా అక్క వైపు చూశాను. అక్క అప్పటికి టార్పాలిన్ మడత పెట్టుకుంటోంది, కూలగొట్టేసిన మా పెరటి గోడ ఇటుకలు వానకి తడవకుండా కప్పడానికి.

"మళ్ళీ మొదలెట్టారక్కా" అన్నాను.

"పెట్టుకోనీ" అంది అక్క. "ఈ కొస పట్టుకో."